సీసామీది చరిత్రపురుషుడు

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టునుండి అశోక్‌నగర్ మీదుగా నారాయణగూడ చౌరస్తా వఱకు వేసవి మధ్యాహ్నమున నడచిపోవువారికి అడుగడుగునను రెండు విధములైన చిత్రములు కనబడును. మొదటివి శీతలపానీయముల కంపెనీలు తమ ఖర్చుమీద వ్రాయించి దుకాణములకు తగిలించిన బోర్డులు. వీనియందు పానీయము పేరు గోడ పొడవునను మెఱయుచుండగా, కిరాణాకొట్టు యజమాని పేరు ఒక మూలను చిన్నయక్షరములతో సర్దుకొని యుండును. రెండవవి రాజకీయనాయకుల ఫ్లెక్సీలు. పుట్టినరోజునకు, పండుగకు, పదవీస్వీకారమునకు కట్టబడి, గాలివాన వచ్చి చింపువఱకు స్తంభములను విడువనివి. ఈ రెండును ఒకే గోడను, ఒకే స్తంభమును పంచుకొనుచున్నను ఒకదానిలో నొకటి కలియవు. థమ్సప్ బోర్డుమీద టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఱొమ్ము చూపుచు నిలువలేదు. లిమ్కా సీసామీద బూర్గుల రామకృష్ణారావుగారు నవ్వలేదు. చరిత్రలోని రాజకీయపురుషులకు హాస్యవేషము కట్టి పానీయముల నమ్ముకొనుట అన్యదేశములలో అప్పుడప్పుడు జరుగుచునే యున్నది. మన మహాపురుషుని ముఖమే విదేశీయుల డబ్బాలమీదికి ఎక్కగా, ఆ వివాదము ఈ వీథులకు అనతిదూరముననున్న నాంపల్లి న్యాయస్థానమునకు వచ్చినది కూడ. అట్టి ప్రకటనలు తగునా, తగినచో ఎంతవఱకు తగును, తగనిచో ఏల తగవు అను విషయమును ఆమూలాగ్రముగ విచారింపవలసి యున్నది.

ముందుగా ఒక మాట. రాజులను, మంత్రులను, అధికారులను చూచి నవ్వుట తెలుగువారికి ఎవ్వరును క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. పగటివేషగాండ్రు ఊరూర తిరిగి అధికారుల నడకను, దర్పమును, మాటతీరును వారి యెదుటనే అభినయించి వారిచేతనే బహుమానములు పుచ్చుకొనిరి. బుఱ్ఱకథయందు కథకునికి ఇరుప్రక్కల నిలుచు వంతలలో ఒకడు హాస్యమునకును, ఒకడు రాజకీయమునకును ఏర్పడి యుండుట మన కళారూపములలో మిక్కిలి గమనింపదగిన విశేషము; వీరగాథ నడచుచుండగనే హాస్యపు వంత జనమును నవ్వించును, రాజకీయపు వంత నాటి ప్రభుత్వముల తప్పొప్పులను కథలోనికి లాగుకొని వచ్చును, కథకుడు ఇద్దఱిని సమాధానపఱచి మరల కథను అందుకొనును. షేక్ నాజరు వంటి మహాకథకుల చేతిలో ఈ మూడు గొంతుకలును కలిసి జనమును తెల్లవార్లు కూర్చుండబెట్టినవి. నేరెళ్ల వేణుమాధవ్‌గారు దేశనాయకుల కంఠములను తన కంఠమున పలికించినప్పుడు సభలు నవ్వినవే గాని ఆ నాయకుల గౌరవమునకు కొఱత రాలేదు. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ వేదికమీద సంగీతముతోపాటు మిమిక్రీకిని, హాస్యప్రసంగములకును చోటు దొరకుచుండుట ఈ సంప్రదాయమునకు కొనసాగింపే. ఢిల్లీలో శంకర్ పిళ్ళైగారి వ్యంగ్యచిత్రపత్రికను 1948లో ప్రారంభించినది నెహ్రూ. అందు ఎడతెగక పరిహాసమునకు గుఱియైనదియు నెహ్రూయే. తన్ను సైతము విడువవలదని ఆయన శంకరుతో చెప్పిన సంగతి సుప్రసిద్ధము. కావున రాజకీయపురుషునిమీద హాస్యము తగదనువారికి మన సంప్రదాయమునందు ఆధారము దొరకదు.

అయినను ఈ హాస్యకారు లందఱియందును సమానమైన లక్షణ మొకటి గలదు. పగటివేషగాడు, వంత, మిమిక్రీ కళాకారుడు, వ్యంగ్యచిత్రకారుడు—వీరు నాయకుని గుఱించి మనకు ఏదో చెప్పుచున్నారు. నవ్వు నాయకుని చేతలకు తగులును. ఆ నవ్వుకు బాధ్యుడెవడో సభలోని యెల్లవారికి తెలియును. రెండణాలు వచ్చినచో అవి నవ్వించిన నేర్పునకు వచ్చినవి. శీతలపానీయపు ప్రకటనలో నాయకుని గుఱించి చెప్పబడునది ఏమియు లేదు. ఆయన మీసమో, టోపీయో, చేతికఱ్ఱయో, కళ్లద్దములో అరువు తేబడి, చూపఱుల దృష్టి ఒక్కక్షణము నిలుచుటకు వినియోగింపబడి, ఆ దృష్టి సీసామీదికి మఱలింపబడును. హాస్య మనునది రెంటియందును ఒకటే యని వాదించువారు ఈ భేదమును విస్మరించుచున్నారు.

ఈ భేదమును స్పష్టముగ గుర్తించి, నూఱేండ్లకు పూర్వమే తీర్పు చెప్పినవాడు స్వయముగ గాంధీగారే. ఒక మిత్రుడు ఆయనకు ఒక సిగరెట్టు పెట్టె చీటిని పంపెను. దానిమీద ఆయన బొమ్మయు, 'మహాత్మా గాంధీ సిగరెట్లు' అను పేరును ముద్రింపబడి యుండెను. 1921 జనవరిలో 'యంగ్ ఇండియా'లో గాంధీగారు దీనిని గుఱించి వ్రాయుచు, తన పేరునకు జరిగిన దుర్వినియోగము లన్నిటిలో తన్ను ఇంతగా అవమానపఱచినది మఱియొకటి లేదనియు, తన పేరును సిగరెట్లకు జోడించుటకు ఎవ్వరికిని అనుమతి నీయలేదనియు, మద్యమువలెనే ధూమపానమును కూడ తాను ఏవగించుకొందుననియు తెలిపి, ఆ సంస్థవారు చీటీలను ఉపసంహరించుకొనవలెననియు, లేనిచో ప్రజలు అట్టి పెట్టెలను కొనకుండవలెననియు కోరెను. ఆయన తన మహత్త్వమును ముందునకు తేలేదు, జాతిగౌరవమును పేర్కొనలేదు. అనుమతి లేదు, వస్తువు నా జీవితనియమమునకు విరుద్ధము—ఈ రెండు కారణములే చెప్పెను. నాకు తెలిసినంతలో ఈ విషయమునందు ఇంతకంటె సూటియైన ప్రమాణమును తరువాతి న్యాయశాస్త్రవేత్తలు సైతము చెప్పియుండలేదు.

హైదరాబాదు నగరపు వర్తకులు ఈ విషయమున మొదటినుండియు ఒక మర్యాదను పాటించిరని చెప్పవచ్చును. చిక్కడపల్లి ప్రక్కనే యున్న ఆజమాబాదు కర్మాగారమునుండి వెలువడిన వజీర్ సుల్తాన్ కంపెనీవారి సిగరెట్టు చార్మినారు కట్టడపు పేరును ధరించినదే గాని ఏలుచున్న ప్రభువు ముఖమును ధరింపలేదు. నారాయణగూడ ఇరానీ హోటళ్లలో చాయతోపాటు సాసరులో వచ్చు ఉస్మానియా బిస్కట్టు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరును నేటికిని మోయుచున్నది. అందు పరిహాసము లేదు, స్తోత్రమును లేదు. తీపియు, ఉప్పును కలిసిన ఆ బిస్కట్టును చాయలో ముంచి తినుచున్న విద్యార్థికి, ఆ పేరు గల ప్రభువు పరిపాలనను నిశితముగ విమర్శించుటకు ఏ అభ్యంతరమును తోచదు. పేరు ఊరిదైపోయినది. నామధేయము కాలక్రమమున వస్తువులో కరగిపోవుట వేఱు, ముఖమును నవ్వుకొఱకు అచ్చువేయుట వేఱు.

ఇక దేశాంతరముల సంగతి. పాశ్చాత్య పానీయముల వంశవృక్షపు మొదటి కొమ్మయందే ప్రసిద్ధపురుషుని ముఖము కనబడుచున్నది. ఏంజెలో మరియాని అను వర్తకుడు 1863లో పారిస్‌లో కోకా ఆకులతో కూడిన ద్రాక్షసారాయమును అమ్మనారంభించి, దానికి ప్రముఖుల ప్రశంసాపత్రములను సేకరించి ప్రకటించెను. పదమూడవ లియో పోపుగారి బొమ్మతోనే ఒక ప్రకటన వెలువడినది. ఆ సారాయమును అనుకరించియే అట్లాంటాలో పెంబర్టన్ తన పానీయమును తయారుచేసెను. 1886లో అది మద్యరహితమై కోకాకోలా అను పేర వెలసినది. ఐతే మరియాని ప్రకటనల వైఖరి గంభీరమైనది. హాస్యము రాజకీయముతో కలిసి పానీయమునకు తోడ్పడిన ఘట్టములలో 1959 జూలైలో మాస్కోలో జరిగినది ముఖ్యమైనది. సోకోల్నికి ఉద్యానమున ఏర్పాటైన అమెరికా ప్రదర్శనశాలకు సోవియట్ అధినేత క్రుశ్చేవ్ వచ్చినప్పుడు, పెప్సీ కంపెనీ అధికారి డోనాల్డ్ కెండాల్ ముందుగా ఉపాధ్యక్షుడు నిక్సన్‌తో మాటాడి యుండుటచే, నిక్సన్ ఆయనను పెప్సీ అంగడికి నడిపించెను. అమెరికానుండి తెచ్చిన నీటితో చేసినది ఒకటి, మాస్కో నీటితో చేసినది ఒకటి, రెండు కప్పులు ఆయన చేతి కందింపబడినవి. మాస్కో నీటిదే మేలని క్రుశ్చేవ్ తేల్చి, తాను త్రాగుటయే గాక చుట్టునున్నవారిని కూడ త్రాగుమని పురికొల్పెను. ఆ ఛాయాచిత్రము ప్రపంచపత్రికలలో వెలువడినది. పెప్సీ సోవియట్ దేశముతో 1972లో ఒప్పందము కుదుర్చుకొన్నది. 1974లో నల్లసముద్రతీరమున నొవొరొసీస్క్‌లో సీసాలు నింపుట ఆరంభమైనది. ఇందు క్రుశ్చేవ్ తాను నవ్వుచు, తన దేశపు నీటిని పొగడుచు, తన యిష్టముతో త్రాగెను గనుక అవమాన మెవ్వరికిని జరుగలేదు.

సోవియట్ దేశపు తుది నాయకుడు గోర్బచేవ్ 1997లో పిజ్జాహట్ వారి ప్రకటనచిత్రమున స్వయముగ నటించెను; ఆయన దేశమునకు స్వేచ్ఛ తెచ్చెనా, అరాజకము తెచ్చెనా యని భోజనశాలలోని తండ్రియు కొడుకును వాదులాడుకొనుచుండగా, ఈ భోజనశాల ఆయనవలననే వచ్చినది గదా యని ఒక వృద్ధురాలు కలహము తీర్చును. ఆయన తీసికొన్న ద్రవ్యము తన ఫౌండేషన్ పనులకై వినియోగపడినది. ఇది నాకు విషాదకరముగ తోచును. అయినను బ్రదికియున్న మనుష్యుడు తన ముఖమును తాను ఇచ్చుకొనెను గనుక అధర్మ మనజాలము. మాస్కోనుండి న్యూయార్కునకు వలసపోయిన చిత్రకారుడు అలెగ్జాండర్ కొసొలపోవ్ లెనిన్ ముఖమును కోకాకోలా అక్షరముల ప్రక్కన చిత్రించినది అంగడికై చేసిన ప్రకటన కాదు, చిత్రకళ. అందలి నవ్వు లెనిన్ విగ్రహారాధనమునకును, కోలా వ్యాపారమునకును సమముగ తగులును గనుక దానిని మన బుఱ్ఱకథ వంతల పంక్తిలో కూర్చుండబెట్టవచ్చును. 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికలకాలమున సియాటిల్‌లోని జోన్స్ సోడా కంపెనీ పోటీదారుల పేర్లతో చమత్కారముగ కోలాలు విడుదల చేసినది.

2017 ఏప్రిల్‌లో పెప్సీవారు చేసినది వేఱుజాతిది. వీథులలో నిరసన తెలుపుచున్న జనసమూహమునుండి ఒక సుందరి వెలువడి పోలీసు ఉద్యోగికి పెప్సీ డబ్బా నిచ్చునంతనే కలహము సమసిపోవునట్లు వారు చిత్రించిరి. అందు చరిత్రపురుషు డెవ్వడును లేడు. అయినను మార్టిన్ లూథర్ కింగ్ కుమార్తె బెర్నీస్ కింగ్, పోలీసులు తన తండ్రిని నెట్టుచున్న ఛాయాచిత్రమును బయటపెట్టి, పెప్సీకి ఇంత శక్తి గలదని తన తండ్రికి తెలియలేదే యను భావముతో ఒక్క వాక్యము వ్రాసెను. పలువురి విమర్శకు గుఱియైన ఆ ప్రకటన విడుదలైన మఱునాడే ఉపసంహరింపబడినది. ఒక త్యాగచరిత్రను తేలికచేయుటకు త్యాగి ముఖము ముద్రింపనక్కఱలేదని ఇందువలన తేలుచున్నది.

మన దేశమున రాజకీయమునకును, శీతలపానీయమునకును గల సంబంధము ముఖములద్వారా గాక శాసనములద్వారా ఏర్పడినది. అశోక్‌నగర్ కోచింగు కేంద్రములలో గ్రూప్-1 పరీక్షకు చదువుచున్న యువకుడు ఏ పుస్తకమును తెఱచినను ఈ చరిత్ర యొక మూలను తగులును. 1973 నాటి విదేశమారక నియంత్రణచట్టము విదేశీకంపెనీల వాటాను సామాన్యముగ నూటికి 40కి పరిమితము చేసినది. 1977లో జనతా ప్రభుత్వము వచ్చి, జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రియైన పిమ్మట, వాటాను తగ్గించుకొనుటకును, పానీయరహస్యమును వెల్లడించుటకును సమ్మతింపక కోకాకోలా దేశమును విడిచిపోయినది. ఆ శూన్యమును పూరించుటకై ప్రభుత్వరంగములోని మోడరన్ ఫుడ్ ఇండస్ట్రీస్ సంస్థ, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమువారి సూత్రముతో, 'డబుల్ సెవెన్' అను కోలాను విడుదల చేసినది. జనతా విజయసంవత్సరమే ఆ పానీయపు పేరు! ఒక ఎన్నికల తీర్పును సీసాలో పోసి ప్రజలకు అమ్మిన ప్రభుత్వము మఱియొకటి యుండెనని నేను వినలేదు. 1980లో ఆ రాజకీయము మారినది; పానీయమును క్రమముగ కనుమఱుగైనది. అదే 1977లో పార్లే వారు తెచ్చిన థమ్సప్ మాత్రము నిలిచినది. తరువాత 1990లో పెప్సీ వచ్చినది, తెలుగువాడైన పి.వి. నరసింహారావుగారి ప్రధానమంత్రిత్వకాలమున, 1993లో కోకాకోలా తిరిగివచ్చి, వచ్చుచునే పార్లే వారినుండి థమ్సప్‌ను, లిమ్కాను, గోల్డ్‌స్పాట్‌ను కొనివేసినది. ఇంతటి హాస్యవస్తువు చేతిలోనున్నను, ఫెర్నాండెజ్ పొమ్మనుటయు, నరసింహారావుగారు రమ్మనుటయు కథగా చేసికొని, నాకు తెలిసినంతలో, ఏ కంపెనీయు ప్రకటన తీయలేదు. 2000 సంవత్సరము తరువాత వచ్చిన 'ఠండా మత్లబ్ కోకాకోలా' చిత్రములలో ఆమిర్ ఖాన్ కట్టినవి పంజాబీ రైతు, హైదరాబాదీ దుకాణదారు మొదలగు సామాన్యుల వేషములే. ప్రకటనకర్తలు నవ్వును వీథిలోని మనిషియందు వెదకిరి, పీఠముమీది విగ్రహమునందు వెదకలేదు. ఇది వారి వివేకము.

తెలుగునేలమీద ప్రవాహము విపరీతదిశలో నడచినది. ఇక్కడ రాజకీయనాయకుడు పానీయపు ప్రకటనకు దిగివచ్చుటకు బదులు, పానీయపు ప్రకటనలోని ముఖము రాజకీయమునకు ఎక్కినది. ఆర్‌టీసీ క్రాస్‌రోడ్డు సినిమాహాళ్లలో విశ్రాంతివేళ థమ్సప్ సీసాతో తెరమీద కనబడిన చిరంజీవిగారు 2008 ఆగస్టు 26న తిరుపతిలో ప్రజారాజ్యము పార్టీని స్థాపించిరి; పెప్సీ ప్రకటనలలో కనబడిన పవన్ కల్యాణ్‌గారు 2014లో జనసేనను స్థాపించి 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రియైరి. రామచంద్రపురములో 1919 నాడు మొదలైన ఆర్టోస్ వంటి మన పాతపానీయములు ఏ ప్రసిద్ధుని ముఖమును లేకయే నూఱేండ్లు బ్రదికినవి. గోళీసోడాకు అసలు చీటియే లేదు. 1872లో హిరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు పేటెంటు పొందిన ఆ సీసా మెడలోని గోళీని బొటనవ్రేలితో నొక్కగనే కుయ్యిమని లేచు చప్పుడే దానికి చాలినంత ప్రకటన. నాయకుని బొమ్మయు, త్రాగు వస్తువును నిజముగ ఒకచోట చేరునది చలివేంద్రమునందే. చైత్రమాసము వచ్చుసరికి చిక్కడపల్లి ప్రధానవీథిలో తాటాకు పందిరి క్రింద తడిగుడ్డ చుట్టిన కుండలును, మజ్జిగ గ్లాసులును, పైన కార్పొరేటరునుండి ముఖ్యమంత్రి వఱకు వరుసగా ముఖములు గల బ్యానరును వెలయును. అచట మజ్జిగ నాయకుని ప్రకటించుచున్నది. నాయకుడు మజ్జిగను అమ్ముట లేదు. త్రాగువాడు చెల్లించునదియు లేదు. అందుచేతనే కాబోలు ఆ బ్యానరును ఎవ్వరును తప్పుపట్టరు.

ఇప్పుడు ఈ విచారణలో ముఖ్యమని నేను భావించు విషయమునకు వచ్చుచున్నాను. భారతదేశ రాజకీయమున నాయకుని చేతిలోని గ్లాసు సామాన్యవస్తువు కాదు. నిరాహారదీక్ష మన పోరాటములకు ఆయుధమైన నాటినుండి, దీక్ష విరమింపజేయు నిమ్మరసమో, నారింజరసమో ఒక రాజకీయక్రియగా మారినది. 1932 సెప్టెంబరు 26న ఎఱవాడ కారాగారమున, రవీంద్రనాథ ఠాకూరు ఎదుట కూర్చుండి యుండగా, కస్తూరిబా చేతినుండి గాంధీగారు పుచ్చుకొన్న నారింజరసము పూనా ఒడంబడిక కుదిరినదని దేశమునకు చెప్పిన సంకేతము. తెలంగాణ రాష్ట్రమునకై 2009 నవంబరు 29న మొదలైన దీక్ష డిసెంబరు 9 రాత్రి కేంద్రప్రకటన వెలువడిన పిమ్మట హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో విరమింపబడినప్పుడు, తెలంగాణమంతయు కనులార్పక చూచినది కూడ ఒక గ్లాసునే. ఇక పొట్టి శ్రీరాములుగారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి యింట దీక్ష పూనిన ఆ మహానుభావునకు అట్టి గ్లాసును అందించు సమయము రానే లేదు. 58 దినములు గడచి, డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణము పోయినది. అటువంటి మనిషి ముఖమును ఏ రాజధానిలోనో కూర్చున్న ప్రకటనరచయిత, దాహముమీద చమత్కారముగ, కోలా సీసామీద ముద్రించినచో కలుగు బాధ ఎట్టిదో వేఱుగ వర్ణింపనక్కఱలేదు. క్రుశ్చేవ్ చేతిలోని కప్పును చూచి మాస్కోవాసులు నవ్వుకొనగలిగిరి. మన నాయకుల చేతిలోని గ్లాసును చూచినప్పుడు మనకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది ఆకలి. అమెరికాలో నిరపాయమైన హాస్యము ఇచట క్రూరమగుటకు ఇదియే కారణము. మనవారికి హాస్యప్రియత్వము తక్కువ యని విదేశీయులు వేయు అపవాదునకు ఇందు తావు లేదు.

నాంపల్లి వ్యాజ్యమును ఈ వెలుగున చూడవలెను. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున న్యూ ఇంగ్లండ్ బ్రూయింగ్ కంపెనీవారు 'గాంధీ-బాట్' అను పేర గాంధీగారిని యంత్రమానవునివలె చిత్రించిన డబ్బాలలో బీరును అమ్ముచుండగా, 2015 జనవరిలో హైదరాబాదు న్యాయవాది ఒకరు నాంపల్లి న్యాయస్థానమున పిటిషను వేసిరి. గౌరవముతోనే ఆ పేరు పెట్టితిమని చెప్పుచునే కంపెనీవారు క్షమాపణ కోరిరి. తరువాత ఆ పానీయపు పేరును మార్చుకొనిరి. 2019లో ఇజ్రాయెల్‌లోని మల్కా బీరుకంపెనీ తమ దేశ స్వాతంత్ర్యదినోత్సవమునకై గాంధీగారికి నేటి యువకుల దుస్తులును, రంగుకళ్లద్దములును తొడిగిన బొమ్మను సీసాలమీద వేయగా, ఆ విషయము రాజ్యసభలో లేవనెత్తబడినది. అప్పుడు సభాధ్యక్షస్థానమున నున్న తెలుగువాడు ముప్పవరపు వెంకయ్యనాయుడుగారు తగు చర్య తీసికొనవలసినదిగా విదేశాంగమంత్రిని ఆదేశించిరి. కంపెనీ క్షమాపణ చెప్పి ఆ సీసాల యమ్మకమును నిలిపివేసినది. ఈ రెండును మద్యమునకు సంబంధించినవే గాని శీతలపానీయములకు సంబంధించినవి కావని ఎవరైన అనవచ్చును. నిజమే. కల్లుదుకాణములముందు పికెటింగు చేయించిన వానిని బీరుడబ్బామీద నిలుపుట మఱింత ఘోరము. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారావ్యతిరేకోద్యమమును చూచిన తెలుగుదేశమున ఆ ఘోరము సులభముగ జీర్ణము కాదు. అయినను 1921 నాటి గాంధీగారి రెండు కారణములను పట్టి చూచినచో, చక్కెరనీటికిని ఒక కారణము మిగిలియే యున్నది: అనుమతి లేదు. మృతుడు అనుమతి నీయజాలడు.

చట్ట మేమనుచున్నది? 1950 నాటి చిహ్నముల, నామముల దుర్వినియోగ నివారణచట్టము వ్యాపారమునకై వాడకూడని పేర్లను, బొమ్మలను ఒక పట్టికలో చేర్చినది. అందు ఛత్రపతి శివాజీ, మహాత్మాగాంధీ, ప్రధానమంత్రి మొదలగువారు గలరు. దానికి విధింపదగిన జరిమానా 500 రూపాయలకు మించదు. 2016లో జియో, పేటీఎం సంస్థలు ప్రధానమంత్రి చిత్రమును పత్రికాప్రకటనలలో ముద్రించినప్పుడు ఈ మొత్తము ఎంత అల్పమైనదో దేశమంతటికి తెలిసినది. తరువాత ఆ సంస్థలు క్షమాపణ చెప్పినవి. 2015 మే నెలలో సుప్రీంకోర్టు, గాంధీగారి పాత్రతో వ్రాయబడిన ఒక మరాఠీ కవితను గుఱించిన వ్యాజ్యమున, చరిత్రలో పూజ్యులైనవారి నోట అశ్లీలపదములను పలికించుటకు కవిస్వాతంత్ర్యము సైతము రక్షణ కాజాలదని నిర్ణయించినది. ఆ తీర్పు కవులకు కొంత భయము కలిగించుననియే నా అభిప్రాయము. కవికి, వ్యంగ్యచిత్రకారునికి గీత ఇంకను దూరముగ గీయవలసినది. వర్తకునికి గీత దగ్గఱగా నుండవలెను. ఇచట చట్టము తలక్రిందులై యున్నది: కవిని కఠినముగ చూచి, వర్తకుని 500 రూపాయలతో విడిచిపెట్టుచున్నది. ప్రకటనకర్తల సంఘముగా 1985లో ఏర్పడిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఫిర్యాదులను విచారించి ప్రకటనలను మార్పించుచున్నది. సామాన్యునికి న్యాయస్థానముకంటె ఆ మార్గము సులభము.

ప్రతిపక్షమున బలమైన వాదము ఒకటి గలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. చరిత్రపురుషులను పీఠములమీదనే యుంచి దండలు వేయుచు పోయినచో పిల్లలు వారిని మఱచిపోదురు. నవ్వుతోనైనను ఇంటింటికి వచ్చినచో గుర్తుండిపోదురు. అమూల్ వెన్న కంపెనీవారు దశాబ్దములుగా దేశనాయకులను చమత్కరించుచు వేయు బోర్డులు ఎవ్వరిని నొప్పించినవి, అని వారి ప్రశ్న. అమూల్ బోర్డులు నిశ్చయముగ ప్రశంసాపాత్రములే. అవి నిన్నటి వార్తకు నేడు వ్రాసిన వ్యాఖ్యలు, బ్రదికియున్న అధికారవంతులను గుఱించినవి, ఎమర్జెన్సీ కాలమున సైతము నిర్బంధ కుటుంబనియంత్రణమును ఎత్తిపొడువ సాహసించినవి. అనగా బుఱ్ఱకథలోని రాజకీయపు వంత పనిని చేసినవి. నాయకుని చేతను గుఱించి ఒక మాట చెప్పుచు వెన్న నమ్ముకొనువానికి నేను అడ్డురాను. చెప్పవలసిన మాట యొకటియు లేక, ముఖము మాత్రమే కావలసినవానికి అడ్డువచ్చెదను. పిల్లలు గుర్తుంచుకొనుట మాట యందురా, నారాయణగూడలో 1928లో బాలికలకు తెలుగుమాధ్యమమున ఉన్నతపాఠశాలను నెలకొల్పిన మాడపాటి హనుమంతరావుగారిని ఆ పాఠశాలయే గుర్తుచేయుచున్నది. దానికి కోలాసీసా సాయము వలదు.

కావున నా నిర్ణయ మిది. జీవించియున్న నాయకుడు తన యిష్టముతో ప్రకటనలో నవ్వినచో అది ఆయన సొంతవిషయము. డబుల్ సెవెన్ కథవలె ఒక చారిత్రకఘట్టమును, ఒక శాసనమును, ఒక యుగపు వెఱ్ఱిని హాస్యవస్తువుగా చేసికొన్నచో అది మెచ్చదగినది. మన ప్రకటనరచయితలు ఆ వైపు ఇంకను చూడవలెను. మరణించిన ప్రజానాయకుని ముఖమును, వేషమును, కంఠమును పానీయవిక్రయమునకై వాడుట మాత్రము కూడదు. దీక్షలలో శరీరమును కృశింపజేసికొన్నవారి విషయమున అసలే కూడదు. యంత్రసహాయముతో మృతుల కంఠమును, కదలికను ఇంటిలో కూర్చుండి సృష్టింపగల కాలము వచ్చినది గనుక ఇది రేపటికి వాయిదా వేయదగిన మాట కాదు.

1950 నాటి పట్టికలో ప్రకాశం పంతులుగారి పేరు లేదు, పొట్టి శ్రీరాములుగారి పేరు లేదు, బూర్గుల, మాడపాటి పేర్లును లేవు. పార్లమెంటు మరల చట్టము చేయకయే, కేవలము ఒక ప్రకటనచే ఆ పట్టికకు పేర్లు చేర్చు అధికారము కేంద్రప్రభుత్వమునకు గలదు. ఆ చట్టము వ్యాపారమునకే వర్తించును గనుక కార్టూనునకును, నాటకమునకును, కవితకును దానివలన భంగము లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు రెండును కలిసి ఈ విషయమై కేంద్రమునకు వ్రాయవలెనని, జరిమానాను నేటి కాలమునకు తగినట్లు పెంచవలెనని కూడ కోరవలెనని నా విన్నపము. ఆ లేఖలో మొదటి పేరు శ్రీరాములుగారిది కావలెను.